తెర మీద ఒక గొంతు, సీడీలో ఐదు గొంతులు: హారర్ సినిమాల హెవీ మెటల్ ఆల్బమ్‌లు

2002 ఫిబ్రవరిలో వచ్చిన 'క్వీన్ ఆఫ్ ది డామ్న్‌డ్' సినిమాలో లెస్టాట్ అనే రక్తపిశాచి రాక్ గాయకుడవుతాడు. తెర మీద ఆ పాత్ర వేసింది స్టువర్ట్ టౌన్‌సెండ్. పాడింది మాత్రం కార్న్ బ్యాండ్ గాయకుడు జొనాథన్ డేవిస్. నటుడు పెదవులు కదపడం, వెనక గాయకుడు పాడటం మనకు ఘంటసాల కాలం నుంచీ అలవాటే. అయితే సినిమా చూసి, పాటలు నచ్చి, సీడీ కొనుక్కున్నవాళ్ళకు అందులో డేవిస్ గొంతు వినిపించలేదు. అవే పాటలు, అవే బాణీలు. పాడింది మాత్రం వేరే ఐదుగురు. డేవిస్‌కు సోనీతో ఉన్న ఒప్పందం వల్ల, మరో కంపెనీ తెచ్చిన ఆ ఆల్బమ్‌లో ఆయన గొంతు వాడే వీల్లేకపోయింది.

నేను విజయవాడలో పిల్లలకు కర్ణాటక వయొలిన్ నేర్పుతాను. పొద్దున వర్ణాలు, సాయంత్రం కీర్తనలు. రాత్రి ఇంట్లో పనులు ముగిశాక వినేది హెవీ మెటల్. అందులోనూ హారర్ సినిమాల కోసం వచ్చిన ఆల్బమ్‌లంటే మరీ ఇష్టం. "ఆ గోలలో ఏముందమ్మా?" అని మా పక్కింటి పిన్నిగారు ఇప్పటికీ అడుగుతుంటారు. అందులో చరిత్ర ఉంది, పనితనం ఉంది, వాదం ఉంది. ఈ ఆల్బమ్‌లలో ఏది గొప్పది, ఏది వట్టి సరుకు అని తేల్చడానికి మన తెలుగు సినిమా పాట నేర్పిన కొలతే సరిపోతుందని నా నమ్మకం.

భయానికి టికెట్ కొన్న జనం

మెటల్ సంగీతానికీ హారర్ సినిమాకీ చుట్టరికం మొదటి రోజు నుంచే ఉంది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఎర్త్ అనే పేరుతో నలుగురు కుర్రాళ్ళు బ్లూస్ వాయించేవారు. వాళ్ళ రిహార్సల్ గదికి ఎదురుగా ఒక థియేటర్ ఉండేది. అందులో ఇటలీ దర్శకుడు మారియో బావా 1963లో తీసిన హారర్ సినిమా ఆడుతోంది. బోరిస్ కార్లాఫ్ నటించిన ఆ సినిమా ఇంగ్లీషు పేరు 'బ్లాక్ సబ్బాత్'. డబ్బిచ్చి మరీ భయపడటానికి జనం క్యూ కడుతున్నారే, అదే భయాన్ని సంగీతంలో ఎందుకు ఇవ్వకూడదు అనుకున్నారు వాళ్ళు. సినిమా పేరునే ఒక పాటకు పెట్టారు. తర్వాత అదే బ్యాండ్ పేరైంది. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు, బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్ విడుదలైంది. వాన చప్పుడు, ఉరుము, దూరంగా చర్చి గంట, ఆపైన బరువైన గిటార్. ఆ ఆల్బమ్ ఏ సినిమాకూ సౌండ్‌ట్రాక్ కాదు. అయినా కళ్ళు మూసుకుంటే సినిమా కనిపిస్తుంది.

ఆ గిటార్ టోనీ అయోమీది. పదిహేడేళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీలో యంత్రం కింద పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. తేలికైన తీగలు వాడాడు. తర్వాతి ఆల్బమ్‌లలో తీగల బిగువు తగ్గించి శ్రుతి కిందికి దించాడు. మెటల్‌కు గుర్తయిన ఆ లోతైన, బరువైన నాదంలో తెగిన వేళ్ళతోనే వాయించాలన్న ఆయన పట్టుదల ఉంది.

అదే మధ్యమం, వేరే లోకం

'బ్లాక్ సబ్బాత్' పాటకు మూలం మూడు స్వరాలు. మొదట కింది షడ్జమం. వెంటనే పై షడ్జమం. అక్కడి నుంచి దిగి ప్రతి మధ్యమం మీద వణుకుతూ నిలబడటం. షడ్జమానికీ ప్రతి మధ్యమానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని పాశ్చాత్యులు ట్రైటోన్ అంటారు. సంగీతంలో సైతాన్ అన్న పేరు కూడా దానికి పాతకాలం నుంచీ ఉంది. మధ్యయుగాల్లో చర్చి దాన్ని నిషేధించిందన్న కథ బాగా ప్రచారంలో ఉన్నా, దానికి ఆధారాలు లేవు.

ఈ మూడు స్వరాలను క్లాసులో వాయించి చూపిస్తే, ఇంటర్ చదివే ఒక కుర్రాడు చటుక్కున పట్టుకున్నాడు. "మేడమ్, ఇది కల్యాణిలో మధ్యమమే కదండీ. మరి కల్యాణి వింటే భయం వెయ్యదేం?"

చాలా మంచి ప్రశ్న. మన 72 మేళకర్తలలో సగం, అంటే 36, ప్రతి మధ్యమ రాగాలే. కల్యాణిని శుభకార్యాలకు వాయిస్తాం. అక్కడ మధ్యమం గాంధారం నుంచి గమకంతో లేచి పంచమం వైపు నడుస్తుంది. వెనక తంబూరాలో సా, పా నిండుగా మోగుతూ ఉంటాయి. ఆ స్వరానికి ఊరుంది, ఇల్లుంది. అయోమీ బాణీలో పంచమం రాదు, తంబూరా లేదు, లయ చాలా విలంబం. స్వరం వచ్చి నిలబడుతుంది, వెళ్ళాల్సిన చోటికి వెళ్ళదు. చెవి ఎదురుచూస్తుంది, మనసు బెదురుతుంది. ఇదంతా చెప్పాక మా కుర్రాడు అదే మధ్యమాన్ని రెండు విధాలా వాయించి, తేడా తన చెవులతోనే తెలుసుకున్నాడు.

స్వరం సంగతి అది, ఇక నాదం సంగతి. ఆంప్లిఫయర్ మోయగలిగినదానికంటే ఎక్కువ సిగ్నల్ పంపితే ధ్వని తరంగాల కొసలు నలిగిపోతాయి. దాంతో అసలు స్వరానికి బోలెడన్ని అనుస్వరాలు తోడై గరుకుదనం వస్తుంది. అదే డిస్టార్షన్. 2015లో వెలువడిన ఒక పరిశోధన మనిషి కేకలను కొలిచి చూసింది. మామూలు మాటలో ధ్వని తీవ్రత సెకనుకు నాలుగైదుసార్లు మాత్రమే హెచ్చుతగ్గులవుతుంది. ప్రాణభయంతో పెట్టే కేకలో సెకనుకు 30 నుంచి 150 సార్లు అవుతుందని, మెదడులో భయాన్ని గుర్తించే భాగాన్ని ఆ గరుకుదనం కదిలిస్తుందని తేలింది. గరుకైన గిటార్, గరుకైన గొంతు హారర్ సినిమాకు ఎందుకు అతుకుతాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇటలీ చేసిన సాహసం

అరువు తీసుకున్న పేరుకు ఇటలీ మళ్ళీ తన వాటా అడిగినట్టే జరిగింది. దర్శకుడు డారియో అర్జెంటో 1975లో 'ప్రొఫోండో రోస్సో'కు, 1977లో 'సస్పీరియా'కు గోబ్లిన్ అనే రాక్ బృందంతో సంగీతం చేయించాడు. 'సస్పీరియా'కైతే ముందుగా తయారైన సంగీతాన్ని షూటింగ్‌లో గట్టిగా మోగించేవాడు. ఇది మెటల్ కాదు, ప్రోగ్రెసివ్ రాక్. కానీ వయొలిన్ల బృందంతో తప్ప భయం పుట్టదన్న నమ్మకాన్ని బద్దలు కొట్టింది.

1985లో అర్జెంటో ఒకడుగు ముందుకేశాడు. 'ఫినామినా'లో ఐరన్ మెయిడెన్, మోటర్‌హెడ్ పాటలు పెట్టాడు. అదే ఏడు ఆయన నిర్మించిన 'డెమన్స్'కు దర్శకుడు లాంబెర్తో బావా. బ్లాక్ సబ్బాత్‌కు పేరిచ్చిన మారియో బావా కొడుకే ఈయన. తండ్రి సినిమా నుంచి మెటల్ పేరు తెచ్చుకుంది, కొడుకు సినిమాలోకి మెటల్ స్వయంగా నడిచి వచ్చింది. బెర్లిన్‌లో ఒక థియేటర్‌లో హారర్ సినిమా చూస్తున్న ప్రేక్షకులే దెయ్యాలుగా మారిపోవడం దాని కథ. గోబ్లిన్‌లో కీబోర్డులు వాయించిన క్లాడియో సిమొనెట్టి రీరికార్డింగ్ చేశాడు. దాని పక్కనే మోట్లీ క్రూ, శాక్సన్, అక్సెప్ట్ బ్యాండ్ల పాటలున్నాయి. హీరో మోటారు సైకిలెక్కి థియేటర్ కుర్చీల మధ్య కత్తి దూసే ఘట్టంలో అక్సెప్ట్ వాళ్ళ 'ఫాస్ట్ యాజ్ ఎ షార్క్' వస్తుంది. ఆ పాట వేగం, బండి వేగం కలిసిపోతాయి. 1982 నాటి ఆ పాట ఈ సినిమా కోసం పుట్టలేదు. అయినా కోసినట్టు సరిపోయింది. పాటను ఎంచుకోవడం కూడా ఒక కళేనని ఒప్పుకోవాల్సిన సందర్భమిది.

1986: రెండు ఆల్బమ్‌లు, రెండు దారులు

ఆ మరుసటి ఏడు వచ్చిన రెండు ఆల్బమ్‌లను పక్కపక్కన పెట్టి వింటే నేను చెప్పదలచిన తేడా బోధపడుతుంది.

మొదటిది ఏసీ/డీసీ బ్యాండ్ 'హూ మేడ్ హూ'. భయం కథల రచయిత స్టీఫెన్ కింగ్ దర్శకత్వం వహించిన ఏకైక సినిమా 'మాగ్జిమమ్ ఓవర్‌డ్రైవ్'కు అది సౌండ్‌ట్రాక్. తన అభిమాన బ్యాండ్‌తోనే కింగ్ సంగీతం చేయించుకున్నాడు. లారీలు, యంత్రాలు ప్రాణం పోసుకుని మనుషులను వేటాడే కథకు అంత ఇనుప చప్పుడున్న బ్యాండ్ దొరకడం అదృష్టమే. అయితే ఆల్బమ్‌లో కొత్తవి మూడే: టైటిల్ పాట, రెండు వాద్య రచనలు. మిగతావన్నీ 'హెల్స్ బెల్స్' వంటి పాత పాటలు. వినడానికి దివ్యంగా ఉంటుంది. సినిమా కోసం పుట్టింది మాత్రం అందులో కొంతే.

రెండోది 'ట్రిక్ ఆర్ ట్రీట్'. దీని వెనక అప్పటి అమెరికాలో రేగిన ఒక రగడ ఉంది. రాక్ పాటలు పిల్లలను చెడగొడుతున్నాయని పీఎంఆర్‌సీ అనే తల్లిదండ్రుల సంఘం ఉద్యమించింది. 1985 సెప్టెంబర్ 19న సెనేట్ కమిటీ విచారణ జరిపింది. ట్విస్టెడ్ సిస్టర్ గాయకుడు డీ స్నైడర్, ఫ్రాంక్ జాపా, జాన్ డెన్వర్ అక్కడికి వెళ్ళి సంగీతకారుల తరఫున వాదించారు. చివరికి ఆల్బమ్‌ల మీద హెచ్చరిక చీటీలు అంటించే పద్ధతి వచ్చింది. రికార్డులను వెనక్కి తిప్పితే సైతాన్ సందేశాలు వినిపిస్తాయన్న ప్రచారమూ ఆ రోజుల్లో జోరుగా సాగింది. అలాంటి ఆరోపణతోనే 1990లో నెవాడాలో జూడాస్ ప్రీస్ట్ బ్యాండ్ మీద విచారణ నడిచింది. బ్యాండ్‌ది బాధ్యత కాదని జడ్జి తీర్పిచ్చాడు.

'ట్రిక్ ఆర్ ట్రీట్' ఆ ప్రచారాన్నే కథగా మార్చుకుంది. బడిలో అందరి చేతా అవమానాలు పడే ఎడీ అనే కుర్రాడికి శామీ కర్ అనే మెటల్ గాయకుడంటే ప్రాణం. ఆ గాయకుడు అగ్నిప్రమాదంలో చనిపోతాడు. అతని ఆఖరి రికార్డు ఎడీ చేతికొస్తుంది. దాన్ని వెనక్కి తిప్పితే చనిపోయినవాడు మాట్లాడతాడు. మెటల్‌ను తిట్టిపోసే టీవీ మతబోధకుడి వేషం వేసింది ఎవరో కాదు, బ్లాక్ సబ్బాత్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్. కిస్ బ్యాండ్ జీన్ సిమన్స్ రేడియో జాకీగా కనిపిస్తాడు.

ఇందులో పాటలు ఫాస్ట్‌వే బ్యాండ్ చేసింది. మోటర్‌హెడ్‌లో గిటార్ వాయించిన ఎడీ క్లార్క్ దాని నాయకుడు. తెర మీద శామీ కర్‌గా ఆడింది నర్తకుడు టోనీ ఫీల్డ్స్, పాడింది ఫాస్ట్‌వే గాయకుడు డేవ్ కింగ్. అచ్చం మన నేపథ్య గానమే. శామీ కర్ అనే లేని గాయకుడికి ఒక గొంతు, ఒక బాణీ, ఒక పొగరు కావాలి. అవన్నీ ఆ ఆల్బమ్ సమకూర్చింది. సినిమా చూడకపోయినా, పాటలు విని ఆ పాత్ర ఎలాంటిదో చెప్పేయొచ్చు. మన సంగీత దర్శకుడికి కథ చెప్పి, సందర్భం చెప్పి, పాత్ర స్వభావం చెప్పి ట్యూన్ కట్టించుకుంటే వచ్చే ఫలితమది.

పోస్టర్ లాంటి పాటలు, మూటకట్టిన పాటలు

ఆ రోజుల్లోనే నిర్మాతలకు మెటల్ పాట మంచి ప్రచార సాధనమని తెలిసిపోయింది. 1986లో 'ఫ్రైడే ది థర్టీన్త్' ఆరో భాగానికి ఆలిస్ కూపర్ పాడాడు. 1987లో 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' మూడో భాగానికి డాకెన్ బ్యాండ్ 'డ్రీమ్ వారియర్స్' చేసింది. దాని వీడియోలో ఆ సినిమా దుష్టపాత్ర ఫ్రెడ్డీ వేషంతో నటుడు రాబర్ట్ ఇంగ్లండ్ స్వయంగా వచ్చాడు. 1992లో 'హెల్‌రైజర్' మూడో భాగం కోసం మోటర్‌హెడ్ చేసిన వీడియోలో బ్యాండ్ గాయకుడు లెమ్మీ ఏకంగా ఆ సినిమా దుష్టపాత్ర పిన్‌హెడ్‌తో పేకాట ఆడతాడు. ఈ పాటల్లో ఉత్సాహముంది. కథ పేరెత్తి పాడతాయి కాబట్టి సినిమాతో బంధమూ ఉంది.

1990లలో సీడీల అమ్మకాలు పెరిగాక మరో అలవాటు ముదిరింది. రికార్డు కంపెనీ దగ్గరున్న బ్యాండ్ల పాటలను మూటకట్టి, సినిమా బొమ్మ అట్ట మీద వేసి అమ్మడం. సినిమాలో వినిపించని పాటలకు కూడా సినిమా స్ఫూర్తితో అన్న ముద్ర పడేది. 2000లో 'డ్రాక్యులా 2000', 2003లో 'ఫ్రెడ్డీ వర్సెస్ జేసన్' ఇలాంటివే. స్లేయర్, పాంటెరా, స్లిప్‌నాట్, లాంబ్ ఆఫ్ గాడ్ వంటి గట్టి పేర్లు కనిపిస్తాయి. పాటలు విడివిడిగా బాగుంటాయి. ఆల్బమ్ మొత్తంగా చూస్తే అద్దెకు తెచ్చిన నగలు పెట్టుకున్న పెళ్ళికూతురిలా ఉంటుంది.

వీటిలో నేను గౌరవించేది 1995 నాటి 'డెమన్ నైట్' ఒక్కటే. పాంటెరా, మెగాడెత్, సెపుల్తురా, మెషీన్ హెడ్, బయోహజార్డ్, మినిస్ట్రీ, మెల్విన్స్ అందులో ఉన్నారు. వేగంలో, బరువులో, కోపంలో ఒకరికొకరు పోలిక లేదు. ఆ దశాబ్దపు మెటల్ ఎన్ని వైపులకు పాకిందో ఒక్క గంటలో తెలిసిపోతుంది. మెటల్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు నన్నడిగితే ముందు దీన్నే వినమంటాను.

మన చెన్నై వయొలిన్, లెస్టాట్ గొంతు

మళ్ళీ 'క్వీన్ ఆఫ్ ది డామ్న్‌డ్' దగ్గరికి వద్దాం. ఆన్ రైస్ నవలలు దానికి ఆధారం. దర్శకుడు మైకేల్ రైమర్ లెస్టాట్ పాటల కోసం డేవిస్‌ను, సినిమా సంగీతంలో అనుభవమున్న రిచర్డ్ గిబ్స్‌ను జతకట్టాడు. శతాబ్దాల ఒంటరితనం, లోకం ముందు తనను బయటపెట్టుకోవాలన్న మొండితనం ఉన్న రక్తపిశాచి ఏం పాడతాడు? వాళ్ళిద్దరూ ఆ ప్రశ్నకు జవాబుగా పాటలు కట్టారు. అందుకే ఆ బాణీల్లో ఆర్భాటంతో సమానంగా దిగులు వినిపిస్తుంది. డెత్ వ్యాలీ ఎడారిలో కచేరీ ఘట్టం చూస్తే సినిమాను పాటలే మోస్తున్నాయని తెలుస్తుంది. ఇందులో నటించిన గాయని ఆలియా సినిమా విడుదలకు ముందే, 2001 ఆగస్టులో, విమాన ప్రమాదంలో మరణించింది.

ఈ సంగీతంలో మనవాడు ఒకడున్నాడు. ఎల్. శంకర్. చెన్నైలో పుట్టి, జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతో కలిసి శక్తి బృందంలో వాయించిన విద్వాంసుడు. రెండు మెడలు, పది తీగలున్న డబుల్ వయొలిన్ ఆయన సృష్టి. డబుల్ బేస్ లోతు నుంచి వయొలిన్ పైస్థాయి వరకు ఒకే వాద్యం మీద పలికించగలడు. కర్ణాటక గమకం తెలిసిన చెయ్యి హాలీవుడ్ రక్తపిశాచి కథలో మెటల్ గిటార్ల పక్కన నిలబడిందంటే, అదే వాద్యం పట్టుకున్న నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మా పిల్లలకు ఆయన శక్తి రికార్డులతో పాటు ఈ సినిమా సంగీతాన్నీ వినిపిస్తాను.

ఆల్బమ్‌లో లెస్టాట్ పాటలను వేన్ స్టాటిక్, డేవిడ్ డ్రేమన్, చెస్టర్ బెన్నింగ్టన్, మార్లిన్ మాన్సన్, జే గోర్డన్ పాడారు. అందరూ సమర్థులే. 'సిస్టమ్' పాటలో బెన్నింగ్టన్ గొంతులోని ఆర్తి మనసును పట్టేస్తుంది. కానీ ఒక పాత్ర ఐదు గొంతులతో మాట్లాడుతుంటే ఆ పాత్ర చెదిరిపోతుంది. వీటి పక్కనే డెఫ్‌టోన్స్, డిస్టర్బ్‌డ్ వంటి బ్యాండ్ల పాత పాటలూ చేర్చారు. పాత్ర కోసం పుట్టిన పాట, కొని చేర్చిన పాట ఒకే సీడీలో ఉన్నాయి. వరసగా వింటే రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

నా తీర్పు ఇది. హారర్ సినిమాల మెటల్ ఆల్బమ్‌లలో 'ట్రిక్ ఆర్ ట్రీట్'ది మొదటి పీట, ఎందుకంటే అది ఒక పాత్రకు ఊపిరి పోసి చివరిదాకా ఒకే గొంతుతో నిలబెట్టింది. 'క్వీన్ ఆఫ్ ది డామ్న్‌డ్' బాణీలు దానికంటే లోతైనవి. ఒప్పందాలు అడ్డురాకపోతే ఆ పీట దానిదే.

ఈ రకం పనికి మన దగ్గర లోటేమీ లేదు. సందర్భం చెప్పి పాట చేయించుకునే విద్య తెలుగు సినిమాకు పుట్టుకతోనే వచ్చింది. మెటల్ వాయించేవాళ్ళూ ఉన్నారు. హైదరాబాద్ బ్యాండ్ గాడ్‌లెస్ 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే డెత్ మెటల్ ఆల్బమ్ తెచ్చింది, దాన్ని ఎక్కడైనా తలెత్తుకుని వినిపించవచ్చు. దెయ్యం కథలు తీస్తున్న మన దర్శకులకు, నిర్మాతలకు నా విన్నపం ఒక్కటే. తలుపు కిర్రుమనే చప్పుళ్ళు, హఠాత్తుగా మోగే డప్పులు చాలా విన్నాం. ఒక్కసారి ఇలాంటి కుర్రాళ్ళను కూర్చోబెట్టి కథంతా చెప్పండి. మీ దెయ్యానికి ఒక గొంతు ఇమ్మని అడగండి. ఆ గొంతును సినిమాలోనూ ఆల్బమ్‌లోనూ ఒక్కటిగానే ఉంచండి.